డీఎల్‌డీ ఉన్న నాలుగో తరగతి పాప: థెరపీ పనిచేస్తోందో లేదో ఎలా కొలవాలి?

పాలపిట్ట (హనుమకొండ):

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఇక్కడే ఒక ఇంగ్లీషు మీడియం బడిలో నాలుగో తరగతి చదువుతోంది. వినికిడి పరీక్షలో లోపమేమీ లేదని తేలింది. బొమ్మలు వేయడంలోనూ, కూడికలు తీసివేతలు చేయడంలోనూ తోటి పిల్లలకు తీసిపోదు. కానీ జరిగిన సంగతి ఒకటి చెప్పమంటే మూడు నాలుగు చిన్న వాక్యాలతో ఆగిపోతుంది, ఆ వాక్యాలు కూడా సరిగ్గా అతకవు. మొన్న వాళ్ల నాన్నతో చెప్పిన మాటలు ఇవి: “నిన్న అమ్మమ్మ ఇల్లు పోయినం. తాత జామకాయ కోసింది. నాకు ఇచ్చింది.” ఆరేళ్ల మా అబ్బాయి అదే సంగతిని “అమ్మమ్మోళ్ల ఇంటికి పోయినం, తాత జామకాయ కోసి ఇచ్చిండు” అని తడుముకోకుండా చెప్పాడు.

డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ (డీఎల్‌డీ, అంటే వేరే కారణమేదీ కనబడకుండానే భాష వయసుకు తగ్గట్టు రాకపోవడం) అని నిర్ధారించి, దాదాపు ఏడాదిగా వారానికి రెండుసార్లు థెరపీ ఇస్తున్నారు. ఇటీవల మళ్లీ పరీక్ష చేసి, స్టాండర్డ్ స్కోరు 68 నుంచి 76కు పెరిగిందని, థెరపీ బాగా పనిచేస్తోందని రిపోర్టు ఇచ్చారు. అదే వారంలో బడిలో క్లాసు టీచరు గారు మాత్రం తనకు మార్పేమీ కనబడలేదని చెప్పారు. ఇద్దరూ పిల్ల మేలు కోరేవాళ్లే, ఎవరి మాటనూ తీసిపారేయలేను. ఖర్చు సంగతి ఎలా ఉన్నా, సాయంత్రాలు ఆడుకోవలసిన పిల్లను ఆటోలో తిప్పుతున్నప్పుడు అందువల్ల ఆమెకు నిజంగా ఉపయోగం ఉందో లేదో తెలుసుకోవలసిన బాధ్యత నాకుంది. ఆ ఎనిమిది పాయింట్లను నమ్మవచ్చా? నమ్మకూడదంటే మరి దేన్ని చూడాలి? థెరపిస్టు గారిని నొప్పించకుండా ఏమని అడగాలి?


గోదారిగట్టు (స్పీచ్ థెరపిస్టు, రాజమహేంద్రవరం):

మీరు అడిగినది అడగవలసిన ప్రశ్నే, దానికి నొచ్చుకునే థెరపిస్టు ఉండకూడదు. ముందు స్కోరు సంగతి చూద్దాం. ఇలాంటి పరీక్షల్లో చాలావాటికి ఆ వయసు పిల్లల సగటును 100గా, ప్రామాణిక విచలనాన్ని, అంటే పిల్లల స్కోర్లు సగటుకు మామూలుగా ఎంత అటూ ఇటూ ఉంటాయో చెప్పే కొలతను, 15గా పెట్టుకుంటారు. అంటే 68 వచ్చిన పాప సగటుకు రెండు విచలనాలకు పైగా కింద ఉందని అర్థం. ఏ పరీక్షా ఒక పిల్ల సామర్థ్యాన్ని ఒకే అంకెలో పట్టివ్వలేదు. పరీక్ష రోజు నిద్ర చాలకపోయినా, పరీక్షించేవారు కొత్తవారైనా అంకె కొంత అటూ ఇటూ అవుతుంది. అందుకే మంచి పరీక్షల మాన్యువల్‌లో ప్రతి స్కోరుకూ ఇరువైపులా ఇంత మేర తేడా ఉండవచ్చని ఇస్తారు. 68కి ఉన్న హద్దులూ 76కు ఉన్న హద్దులూ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయేమో రిపోర్టు రాసినవారిని అడగండి. పడుతున్నట్లయితే ఆ పెరుగుదలను ఖాయమైనదిగా తీసుకోలేం.

ఇంకొక సంగతి ఉంది. బాగా తక్కువ స్కోరు వచ్చినందువల్లనే ఒక పిల్లను థెరపీకి తీసుకున్నప్పుడు, మధ్యలో ఏమీ చేయకపోయినా రెండోసారి స్కోరు కొంత పైకి రావడం సహజం, ఎందుకంటే మొదటి స్కోరులో ఆ రోజు దురదృష్టం కూడా కలిసి ఉండే అవకాశం ఎక్కువ. అవే బొమ్మలు, అవే ప్రశ్నలు మళ్లీ చూసిన అలవాటు కూడా దీనికి తోడవుతుంది. అలాగని స్కోరు పెరగకపోతే థెరపీ విఫలమైందనీ అనుకోకండి. ఏడాదిలో తోటి పిల్లలందరూ ముందుకు పోతారు కాబట్టి, మన పిల్ల స్టాండర్డ్ స్కోరు అక్కడే నిలిచిందంటే ఆమె కూడా వారితో సమానమైన వేగంతోనే నేర్చుకున్నదని అర్థం. అంతకుముందు ఏటేటా వెనకబడుతూ వచ్చిన పిల్ల విషయంలో అది చిన్న మార్పు కాదు. రిపోర్టులో రా స్కోర్లు, అంటే వయసు పట్టికతో పోల్చకముందు ఆమెకు వచ్చిన అసలు మార్కులు, కూడా రాసి ఇవ్వమని అడగండి.

అసలు కొలత వేరే ఉంది. నేను ఏ పిల్లకైనా పని మొదలుపెట్టే ముందు మూడు రకాల అంశాలు ఎంచుకుంటాను. ఒకటి నేర్పబోయేది, రెండవది అదే జాతికి చెందినా నేర్పకుండా ఉంచేది, మూడవది దానితో సంబంధం లేనిది, ఇప్పట్లో నేర్పే ఉద్దేశం లేనిది. మీ అమ్మాయి మాటలనే తీసుకుంటాను. “ఇల్లు పోయినం” అన్న చోట ఆమెకు విభక్తి రాలేదు. దానికి ముందు రావలసిన మార్పూ రాలేదు. వ్యాకరణంలో ఔపవిభక్తికాలని మనం చదువుకున్న మాటలివి. ఇల్లు ఇంటికి అవుతుంది, కన్ను కంటికి అవుతుంది, నోరు నోటికి అవుతుంది. ఆమెతో ఇల్లు, కన్ను, నోరు మీద సాధన చేయిస్తామనుకుందాం. పన్ను, గోరు, వాకిలి అన్న మాటల్ని మాత్రం థెరపీ గదిలో ఎక్కడా ఈ రూపాల్లో పలికించం. కొన్ని వారాల తరువాత కొత్త బొమ్మ చూపించి “చీమ ఎక్కడ ఉంది?” అని అడిగితే ఆమె “వాకిట్ల” అన్నదంటే, నేర్పిన మాటను బట్టీ పట్టలేదు, పద్ధతిని పట్టుకుంది అని తెలుస్తుంది. ఇంటికి అన్న మాట రోజూ చెవిన పడేదే కాబట్టి అది ఒక్కటి సరిగ్గా చెప్పినంత మాత్రాన లెక్కలోకి తీసుకోను.

మూడవ రకానికి ఆమె “తాత కోసింది” అన్న పొరపాటే పనికొస్తుంది. ఈ విడతలో దాన్ని ముట్టుకోకుండా కొలుస్తూ మాత్రం ఉంటాం. విభక్తులు పుంజుకుని క్రియ పొరపాట్లు అలాగే ఉండిపోతే, వచ్చిన మార్పు థెరపీ వల్ల వచ్చిందనడానికి ఆధారం దొరుకుతుంది. రెండూ సమానంగా పెరిగితే వయసో, బడో, ఇంట్లో మాటలో కారణమై ఉండవచ్చు. రెండవ విడతలో క్రియల మీద పని మొదలుపెట్టినప్పుడు అవి కూడా అప్పుడే కదిలాయంటే మన నమ్మకం బలపడుతుంది.

ఇదంతా పనికి రావాలంటే మొదలుపెట్టకముందే, కొన్ని రోజుల ఎడంతో కనీసం మూడుసార్లు కొలిచి ఉండాలి. ఒక్కసారే కొలిస్తే ఆ అంకె నిలకడగా ఉందో, అప్పటికే పెరుగుతూ వస్తోందో తెలియదు. కొలిచేటప్పుడు సూచన ఇవ్వకూడదు, “బాగా చెప్పావు” అని కూడా అనకూడదు. ఈ రెండవది మాకు చాలా కష్టం.

చివరిగా ఒక మాట. “కోసిండు”, “ఇంట్ల”, “పోయినం” మీ ఇంటి భాషలో సరైన రూపాలు. పరీక్షలో ఎవరైనా వాటిని తప్పుల కింద లెక్కవేసి ఉంటే ఆ 68 కూడా అనుమానించవలసిందే.


కొలబద్ద (పిల్లల భాషా పరిశోధన, ప్రస్తుతం బ్రిటన్):

గోదారిగట్టు గారు ఒక పిల్ల విషయంలో ఎలా తేల్చుకోవాలో చెప్పారు. థెరపీ సాధారణంగా ఎంత మార్పు తేగలదో తెలిస్తే మీ ఎనిమిది పాయింట్లను సరైన చోట పెట్టి చూడగలుగుతారు కాబట్టి, నాకు బాగా పరిచయమున్న మూడు పరిశోధనల గురించి చెబుతాను.

మొదటిది అమెరికాలో జరిగి 2008లో వెలువడింది. భాషా లోపమున్న ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు 216 మందిని చీటీలు వేసినట్టుగా నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు అప్పట్లో ఎంతో ప్రచారం పొందిన ఫాస్ట్ ఫర్‌వర్డ్ అనే కంప్యూటర్ కార్యక్రమం, ఒక గుంపుకు వేరొక కంప్యూటర్ భాషా కార్యక్రమం, ఒక గుంపుకు థెరపిస్టుతో ముఖాముఖి థెరపీ ఇచ్చారు. నాలుగో గుంపుకు లెక్కలు, సైన్సు, భూగోళం వంటి పాఠాల కంప్యూటర్ ఆటలు ఇచ్చారు, భాష మీద ప్రత్యేక సాధన ఏదీ లేదు. రోజుకు గంటా నలభై నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. చివర్లో నాలుగు గుంపుల పిల్లలూ భాషా పరీక్షలో గణనీయంగా మెరుగుపడ్డారు, దాదాపు ఒకే స్థాయిలో. ఆ నాలుగో గుంపే లేకపోయి ఉంటే, మిగిలిన మూడు పద్ధతులవారూ తమ తమ పద్ధతి గెలిచిందని చెప్పుకునేవారు. ముందు, తరువాత అని రెండే అంకెలున్న ఏ రిపోర్టునైనా నేను ఈ పరిశోధనను మనసులో పెట్టుకుని చదువుతాను. మీ చేతిలో ఉన్నది కూడా అలాంటి రిపోర్టే.

రెండవది స్కాట్లండ్‌లో జరిగి 2009లో వెలువడింది. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలు 161 మంది, అంటే మీ అమ్మాయి వయసువారు కూడా అందులో ఉన్నారు. వారానికి మూడుసార్లు, ముప్పై నుంచి నలభై నిమిషాల చొప్పున, పదిహేను వారాలు థెరపీ ఇచ్చారు. మామూలుగా అందే సేవలతో ఉన్నవారి కంటే ఈ పిల్లలు మాట్లాడే భాషలో మెరుగయ్యారు, అర్థం చేసుకునే భాషలో మాత్రం తేడా కనబడలేదు. థెరపిస్టు స్వయంగా చేసినా, శిక్షణ పొందిన సహాయకులు చేసినా, ఒక్కో పిల్లకు విడిగా చేసినా, గుంపులో చేసినా ఫలితం ఒకటే. తరువాత అదే కార్యక్రమాన్ని బడి సిబ్బంది చేతికి అప్పగించి చూస్తే ఆ ఫలితం రాలేదు. అక్కడ అనుకున్నన్ని సార్లు ఆ పని జరగలేదని తేలింది. కాబట్టి వారానికి ఎన్ని సెషన్లు రాసి ఉన్నాయన్నది పక్కన పెట్టి నిజంగా ఎన్ని జరిగాయో, ఒక్కో సెషన్‌లో పాప ఆ లక్ష్య రూపాన్ని ఎన్నిసార్లు పలికిందో అడగండి. ఆ వివరం లేకుండా “థెరపీ పనిచేయలేదు” అనడానికి కూడా వీల్లేదు.

మూడవది ఇంగ్లండ్‌లో 193 బడుల్లో, నోటిభాషలో వెనకబడిన నాలుగైదేళ్ల పిల్లలు 1156 మందితో జరిగిన నఫీల్డ్ అనే భాషా కార్యక్రమం, 2021లో ప్రచురితమైంది. శిక్షణ పొందిన సహాయకులు ఇరవై వారాల పాటు నడిపారు. ఫలితం దాదాపు 0.26 ప్రామాణిక విచలనం. మీ పరీక్ష కొలమానంలో చెప్పాలంటే సుమారు నాలుగు పాయింట్లు. ఆ పిల్లలు చిన్నవారు, అందరికీ డీఎల్‌డీ కూడా లేదు, పైగా అది సగటు. అయినా ఇంత జాగ్రత్తగా నడిపిన కార్యక్రమంలోనే సగటు లాభం నాలుగు పాయింట్లు అయినప్పుడు, ఎనిమిది పాయింట్ల పెరుగుదలలో థెరపీ వాటా ఎంత, మిగతా కారణాల వాటా ఎంత అని ఆగి ఆలోచించాలి.

గోదారిగట్టు గారి మాటకు రెండు చేర్పులు చేస్తాను. ముట్టుకోని అంశం కూడా మెరుగుపడినంత మాత్రాన థెరపీ పనిచేయలేదని తీర్మానించకూడదు. పిల్ల మాటల మీద దృష్టి పెట్టడం నేర్చుకుంటే, వినడం మెరుగైతే ఆ ప్రభావం పక్క అంశాల మీదా పడవచ్చు. అందుకే మూడవ అంశాన్ని వీలైనంత దూరంగా ఉన్నదిగా ఎంచుకోవాలి. రెండవది, కొలిచేవారు థెరపీ ఇచ్చినవారే కాకూడదు. ఎంత నిజాయతీ ఉన్నా, మనం శ్రమపడి నేర్పిన పిల్ల సగం పలికిన మాటను మన చెవి పూర్తిగా విన్నట్టే భావిస్తుంది. రికార్డింగులను కలగలిపి, ఏది ముందుదో ఏది తరువాతదో చెప్పకుండా వేరొక థెరపిస్టుకు ఇచ్చి లెక్కించమంటే చాలు.


పలక బలపం (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా):

టీచరు గారి మాట గురించి ఒక టీచరుగా రాస్తున్నాను. నలభై మంది ఉన్న గదిలో “మార్పు కనబడుతోందా?” అని అడిగితే, అల్లరి చేయని, చేయెత్తని పిల్ల గురించి మేము చెప్పగలిగేది చాలా తక్కువ. ఆ ప్రశ్నను చిన్న ముక్కలు చేసి అడగండి. “పుస్తకం తీసి, ముప్పై రెండో పేజీలో రెండో లెక్క చేయండి” అన్నప్పుడు మా పాప పక్కవాళ్లను చూసి చేస్తోందా, తానుగా చేస్తోందా? అర్థం కానప్పుడు అర్థం కాలేదని అడుగుతోందా? తీసివేత నేరుగా ఇస్తే చేసే పిల్ల “రాము దగ్గర సీత కంటే ఐదు గోళీలు తక్కువ ఉన్నాయి” అంటే ఏం చేస్తోంది? ఇలా అడిగితే మేము వారం రోజులు గమనించి జవాబు చెప్పగలం, మళ్లీ మూడు నెలలకు అవే ప్రశ్నలకు జవాబు చెప్పి పోల్చగలం.

డీఎల్‌డీ అనే పేరును ఖాయం చేసిన 2016, 2017 నాటి నిపుణుల ఒప్పందం కూడా రోజువారీ జీవితంలో, చదువులో పడే ఇబ్బందినే ముఖ్యంగా చూడమన్నది. అలాంటప్పుడు థెరపీ ఫలితాన్ని కూడా అక్కడే వెతకాలి కదా.

కథ చెప్పించడం మంచి కొలత, కాని ఏ కథ అన్నది జాగ్రత్తగా చూసుకోవాలి. మా బడిలో ఒక బాబు చేత ఏడు చేపల కథ చెప్పించి, బాగానే మాట్లాడుతున్నాడని అందరం సంతోషించాం. అది “చేపా చేపా ఎందుకు ఎండలేదు?” అంటూ ఒకే అచ్చులో సాగే కథ, నాలుగేళ్ల నుంచీ వాడి నోట నానుతున్నది. ఎన్నడూ చూడని బొమ్మల కథ ఇస్తే రెండో బొమ్మ దగ్గరే ఆగిపోయాడు. అందుకని మాటలు లేని బొమ్మల కథలు ఇంచుమించు ఒకే పొడవున్నవి కొన్ని సిద్ధం చేసుకుని, నెలకొకటి చొప్పున చెప్పించి, ఫోనులో రికార్డు చేసి తేదీ వేసి ఉంచండి. ఎన్ని సంఘటనలు చెప్పింది, ఎవరు ఎవరితో అన్నారో తెలుస్తోందా, “తరువాత తరువాత” అన్న మాటకు బదులు “కోసి”, “వెళ్లి”, “వచ్చినప్పుడు” లాంటి కలిపే రూపాలు వస్తున్నాయా అన్నది మీరే లెక్క వేసుకోవచ్చు.


పాలపిట్ట (హనుమకొండ):

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక రిపోర్టు మళ్లీ తీసి చూశాను. పరీక్ష ఇంగ్లీషుదే, దాన్ని తెలుగులోకి మార్చి అడిగారని, స్కోరు మాత్రం ఆ ఇంగ్లీషు పట్టికల ప్రకారమే వేశారని ఇప్పుడు అర్థమైంది. క్లాసు టీచరు గారు చెప్పినది ఇంగ్లీషు పాఠాల గురించి. తెలుగు టీచరు గారిని విడిగా అడిగితే, ఈ ఏడాది పద్యం అర్థం అడిగినప్పుడు రెండు మాటలైనా చెబుతోందని, నిరుడు తల వంచుకుని నిలబడేదని అన్నారు. థెరపీ అంతా తెలుగులోనే జరుగుతోంది. బంధువుల్లో కొందరు ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడితే ఒక్క భాషైనా వస్తుందంటున్నారు. అది నిజమేనా? ఇప్పటి నుంచి ఎంత కాలం చూసి నిర్ణయం తీసుకోవాలి?


గోదారిగట్టు (స్పీచ్ థెరపిస్టు, రాజమహేంద్రవరం):

తెలుగు మానేయకండి. రెండు భాషలు వినడం వల్ల డీఎల్‌డీ రాదు. ఉన్న లోపం పెరగదు కూడా. కెనడాలో ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ నేర్చుకుంటున్న ఏడేళ్ల పిల్లలను ఒకే భాష మాట్లాడే పిల్లలతో పోల్చి, అందరికీ ఇదే లోపం ఉన్నప్పటికీ, రెండు భాషలవారు క్రియారూపాల్లో ఒక భాషవారి కంటే వెనకబడి లేరని 2003లో చూపించారు. ఆమె చుట్టూ అమ్మమ్మ, తాత, తమ్ముడు తెలుగులో మాట్లాడుతున్నప్పుడు దాన్ని తీసివేస్తే ఆమెకు మాటలు వినే అవకాశమే తగ్గిపోతుంది.

ఇంగ్లీషు పరీక్షను అనువదించి ఇంగ్లీషు పట్టికలతో స్కోరు వేయడం మాత్రం సరికాదు. ఇంగ్లీషులో ఏ వాక్యం ఏ వయసుకు వస్తుందన్న లెక్క తెలుగుకు వర్తించదు. “నాకు ఆకలేస్తోంది” వంటి వాక్య నిర్మాణం, “నిన్న కొన్న పుస్తకం” వంటి విశేషణ రూపం ఆ పరీక్షలో ఎక్కడా ఉండవు, ఇంగ్లీషు పిల్లలు తడబడే చోట్లు మన పిల్లలకు కష్టమే కాకపోవచ్చు. కాబట్టి 68నీ 76నీ రెండింటినీ పక్కన పెట్టి, కొత్తగా మొదలుపెట్టినట్టే అనుకోండి. తెలుగు టీచరు గారు గమనించిన మార్పు నాకు ఆ అంకెల కంటే విలువైనదిగా తోస్తోంది, అయితే అది కూడా ఇప్పటిదాకా జ్ఞాపకం మీద ఆధారపడినదే.

థెరపిస్టు గారితో ఇలా అనండి: “వచ్చే విడతకు రెండు లక్ష్యాలు పెట్టుకుందాం, మొదలుపెట్టే ముందు మూడుసార్లు కొలుద్దాం, అందులో ఒకదాన్ని ఈ విడతలో నేర్పకుండా ఉంచుదాం.” ఒక బడి టర్ము కాలం, అంటే సుమారు పన్నెండు వారాలు, సెషన్లు తప్పకుండా జరిగేలా చూసుకోండి. జరగనివి క్యాలెండరులో కొట్టివేసి ఉంచండి. ఆ తరువాత వచ్చే ఫలితాన్ని బట్టి చేయవలసిన పని మారుతుంది. నేర్పిన మాటలూ రాకపోతే లక్ష్యం ఆమె స్థాయికి మించినదై ఉండవచ్చు, లేదా పద్ధతి మార్చాలి. నేర్పినవి వచ్చి, నేర్పని వాకిలి, పన్ను రాకపోతే ఇంకా ఎక్కువ మాటలతో, ఎక్కువ సందర్భాలతో సాధన కావాలి. గదిలో అన్నీ వచ్చి బొమ్మల కథలో కనబడకపోతే థెరపీని గది నుంచి బయటకు తేవాలి, తెలుగు టీచరు గారినీ మిమ్మల్నీ అందులో కలుపుకోవాలి. కథలోనూ వస్తున్నాయంటే ఆ లక్ష్యం మీద సెషన్లు ఆపి, రెండు మూడు నెలల తరువాత నిలిచాయో లేదో మళ్లీ ఒకసారి కొలిచి, తరువాతి లక్ష్యానికి వెళ్లవచ్చు.

ఒక వేళ సెషన్లు సక్రమంగా జరిగి, పద్ధతి మార్చి, మరో విడత చూసినా మూడు రకాల అంశాల్లో ఏదీ కదలకపోతే, అప్పుడు ఆ రికార్డింగులన్నీ తీసుకుని వేరొక చోట రెండో అభిప్రాయం అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ (మాట, వినికిడి లోపాల జాతీయ సంస్థ) ప్రాంతీయ కేంద్రం మీకు దగ్గరే. తేదీలు వేసిన రికార్డింగులు చేతిలో ఉంటే అక్కడివారు మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు.